కొండ మీది మన్ను, కట్ట లోపలి నీరు

చండీగఢ్ నగరానికి ఈశాన్యాన, శివాలిక్ కొండల పాదాల చెంత సుఖ్నా అనే సరస్సు ఉన్నది. పురాణాలలో దాని పేరు వినబడదు. ఏ రాజూ దానిని తవ్వించలేదు. దేశవిభజనలో లాహోరును పోగొట్టుకున్న పంజాబుకు కొత్త రాజధాని కావలసివచ్చింది. ఆ నగరానికి రూపకల్పన చేసిన లె కార్బూజియే అనే వాస్తుశిల్పి, పి.ఎల్. వర్మ అనే ప్రధాన ఇంజనీరు కలిసి ఒక వాగుకు అడ్డంగా కట్ట వేయించి, 1958లో ఆ సరస్సును సృష్టించారు. విస్తీర్ణం సుమారు మూడు చదరపు కిలోమీటర్లు. కట్ట మీద మోటారు బండ్లు తిరగకూడదనీ, నీటిలో మోటారు పడవలు నడవకూడదనీ కార్బూజియే పట్టుబట్టాడు. నగరవాసి రోజంతా పడిన రొద నుంచి అక్కడ కొంతసేపు విముక్తి పొందాలని ఆయన ఆశయం. నేటికీ ఆ కట్ట మీద మనుషులు నడుస్తారే గాని కార్లు తిరగవు.

ఆ మహాశిల్పి శబ్దాన్ని ఆపగలిగాడు గాని మన్నును ఆపలేకపోయాడు. కట్ట పూర్తయినది మొదలు ప్రతి వానాకాలం సరస్సులోకి నీటితో పాటు మన్ను రాసాగింది. వచ్చిన నీరు ఎండకు ఆవిరవుతుంది, పొంగితే అలుగు దాటి పోతుంది. మన్ను అలా పోదు. వచ్చిన చోటనే కూర్చుంటుంది. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగేసరికి సరస్సులో నీరుండవలసిన చోటులో సగానికి పైగా మన్ను ఆక్రమించుకున్నది. తరతరాలు ఉండవలసిన జలాశయానికి యౌవనంలోనే వార్ధక్యం వచ్చిపడింది.

ఇది సుఖ్నా ఒక్కదాని జాతకం కాదు. తెలుగువారికి చిరపరిచితమైన నిజాంసాగర్ సంగతి చూడవచ్చు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ జలాశయాన్ని దాదాపు ముప్పై టి.ఎం.సి.ల నీరు పట్టేటట్లు నిర్మించారు. 1970 దశకం నాటికి అందులో సగానికి మించిన భాగం పూడికపాలయింది. నీటిమట్టం పెంచి, పోయినదానిలో కొంత భర్తీ చేసుకోవలసి వచ్చింది. ఆనకట్ట గురించి మాట్లాడేటప్పుడు మనం దాని ఎత్తు చెప్పుకుంటాం, పొడవు చెప్పుకుంటాం, ఖర్చయిన కోట్లు చెప్పుకుంటాం. దానికి ఎగువన ఎక్కడో ఒక కొండవాలు మీద గడ్డి ఉన్నదా లేదా అని అడిగేవారు అరుదు. ఆ కట్ట ఆయుర్దాయం మాత్రం ఆ గడ్డి చేతిలోనే ఉంటుంది.

వానచినుకును కవులు ముత్యంతో పోల్చారు. సమ్మెటతో పోల్చినా తప్పు లేదు. పెద్ద చినుకు ఒకటి నేలను తాకే వేళకు గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కింద ఒక ఆకు ఉంటే ఆ దెబ్బను ఆకు కాచుకుంటుంది. చెట్టే ఉండనక్కరలేదు, ఎండుటాకుల పరుపు ఉన్నా, గడ్డిదుబ్బు ఉన్నా చాలును. చినుకు వేగం చచ్చి, మెల్లగా జారి, వేళ్ల వెంట, వానపాములు తొలిచిన సన్నని దారుల వెంట నేలలోకి దిగుతుంది. అదే చినుకు బోడినేల మీద పడితే మట్టికణాలు చెల్లాచెదరుగా ఎగిరిపడతాయి. వాటిలో సన్ననివి నేల రంధ్రాలలో ఇరుక్కుని పైపొరను గచ్చు చేసినట్లు మూసివేస్తాయి. ఆ తరువాత వచ్చిన చినుకుకు లోపలికి దారి లేదు. అది తోటి చినుకులతో కూడి పల్లానికి పరుగు తీస్తుంది. పరుగెత్తే నీరు వట్టిచేతులతో పోదు. మన్ను పోయిన చోట నీరు ఇంకదు, నీరు ఇంకని చోట మన్ను నిలువదు. ఈ రెంటినీ పాఠ్యపుస్తకాలు రెండు అధ్యాయాలుగా చెబుతాయి గాని, ప్రకృతిలో అవి ఒకే అధ్యాయం.

పోయిన మన్ను తిరిగి రావడానికి పట్టే కాలం మనిషి లెక్కకు అందదు. ఒక్క అంగుళం మందాన సారవంతమైన పైమన్ను ఏర్పడాలంటే వందల సంవత్సరాలు కావాలి. రాయి ఎండకు పగలాలి, వానకు నానాలి, వేరు దానిని చీల్చాలి, ఆకు రాలి కుళ్లాలి, కంటికి కనబడని కోటానుకోట్ల జీవులు అందులో పుట్టి గిట్టాలి. చార్లెస్ డార్విన్ తన చివరి గ్రంథాన్ని 1881లో వానపాముల మీద వ్రాశాడు. ఇంగ్లండులోని అనేక ప్రదేశాలలో అవి ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టిని తమ దేహం గుండా పోనిచ్చి పైకి తెస్తాయని ఆయన లెక్కగట్టాడు. వాటికి వినికిడి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో పియానో వాయించి, కుమారుని చేత బాసూన్ అనే వాద్యం ఊదించి చూశాడట. వానపాములు చలించలేదు, పియానో మీద పెట్టిన కుండీలో ఉన్నవి మాత్రం దాని కంపానికి బెదిరి మట్టిలోకి దూరాయి. జీవపరిణామాన్ని గురించి లోకాన్ని కుదిపివేసిన మనిషి, కాలి కింద మట్టిని చేసే ప్రాణిని గురించి అంత శ్రద్ధగా తెలుసుకోవాలనుకోవడం ఆలోచించదగిన విషయం.

మట్టి కొట్టుకుపోవడాన్ని మన పాఠ్యపుస్తకాలు క్రమక్షయం అంటాయి. మాట సొంపుగానే ఉన్నది. అయితే శివాలిక్ కొండలలో జరిగేదానికి క్రమమూ లేదు, ఓపికా లేదు. అవి హిమాలయ పరివారంలో అందరికన్నా చిన్నవి, బలహీనమైనవి. గట్టి రాయి తక్కువ. ఇసుక, బంకమట్టి, గుండ్రాళ్లు కలిసి కుప్పపోసినట్లుంటాయి. పైన చెట్టూ గడ్డీ ఉన్నంతవరకే అవి కొండలు. అవి పోతే ఒక్క జడివానకు వాలు మీద చీలిక పడుతుంది. మరుసటి ఏడు ఆ చీలిక మనిషి దిగలేనంత లోతవుతుంది. అక్కడి వాగులను స్థానికులు ‘చో’ అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం అవి వట్టి ఇసుకబాటలు. వానాకాలంలో కొన్ని గంటలపాటు ప్రళయం. దిగువనున్న హోషియార్‌పూర్ ప్రాంతపు పొలాల మీద ఈ వాగులు ఇసుక పరుస్తుంటే చూడలేక, ఆనాటి ఆంగ్ల ప్రభుత్వం 1900లోనే ఒక చట్టం చేసింది. కొండల మీద చెట్లు కొట్టడాన్నీ పశువులను మేపడాన్నీ నియంత్రించే ఆ చట్టం పేరులోనే ‘చో’ అనే మాట ఉండేది. చట్టం వచ్చింది, అర్ధశతాబ్దానికి పైగా గడిచింది. సుఖ్నా కట్ట కట్టేనాటికి కొండలు బోడిగానే ఉన్నాయి. మేకకు చట్టం చదవడం రాదు. దానిని తోలుకొచ్చేవాడికి వేరే దారి లేదు.

సరస్సు పూడిపోతున్నదని తెలిశాక అధికారులు చేయగలిగినదంతా చేశారు. పరీవాహక ప్రాంతంలో పాతిక చదరపు కిలోమీటర్లకు పైగా భూమిని సేకరించి చెట్లు నాటించారు. పూడిక తీయించారు. తీసినదానికన్నా వచ్చేదే ఎక్కువగా ఉండేది. చివరకు మన్ను ఎక్కడి నుంచి వస్తున్నదో వెతుక్కుంటూ మీదికి పోవలసివచ్చింది. ఆ అన్వేషణ చేసినవారు కేంద్ర మృత్తికా జల సంరక్షణ పరిశోధన సంస్థకు చెందిన చండీగఢ్ కేంద్రం శాస్త్రజ్ఞులు. వారికి నాయకుడు పరశురామ్ మిశ్రా. వాగుల వెంట ఎగువకు పోయి చూస్తే, సరస్సులో చేరే మన్నులో అధిక భాగం పరీవాహక ప్రాంతంలోని స్వల్పభాగం నుంచే వస్తున్నదని తేలింది. ఆ భాగానికి దగ్గరగా హర్యానా వైపున ఒక చిన్న ఊరున్నది. పేరు సుఖోమాజ్రి.

1970 దశకం నడుమ సుఖోమాజ్రిలో సుమారు అరవై కుటుంబాలుండేవి. ఎక్కువమంది గుజ్జర్లు, పశుపోషకులు. సాగునేల ఉన్నవారిలో కూడా చాలామందికి హెక్టారు లోపే. ఏడాదికి పదకొండు వందల మిల్లీమీటర్ల వాన కురిసే చోటు అది. అనంతపురం రైతు కలలో కూడా ఊహించలేని వర్షపాతం. కాని ఆ వానలో అధిక భాగం మూడు నెలలలో పడి, కురిసిన గంటలోనే వాగులో కలిసి వెళ్లిపోయేది. గోధుమ చేను గింజ పట్టే వేళకు నేలలో తడి ఉండేది కాదు. చేను నమ్మదగినది కాదు గనుక ఊరు మేకనూ పశువునూ నమ్ముకున్నది. మేకకు ఖర్చు లేదు. కొండ మీదికి తోలితే చాలు. కొండ అటవీశాఖది. అందరూ మేపుకునే కొండ మీద నా మేక ఒక్కటి తినకపోతే గడ్డి మిగులుతుందా, పక్కవాడి మేక తింటుంది గాని! ఆ విధంగా ఊరివారి పేదరికం కొండను కొరికింది, కొరుకుడుపడిన కొండ వారిని మరింత పేదలను చేసింది. విడ్డూరమేమంటే, కింద చండీగఢ్‌లో జనం పడవ షికారు చేసే సరస్సును పూడ్చివేస్తున్నామన్న సంగతి వారికి తెలియదు. తెలిసినా వారు చేయగలిగినది స్వల్పం.

మిశ్రా బృందం మొదట శాస్త్రం చెప్పినట్లే పనిచేసింది. కోతలు పడిన చోట రాళ్ల అడ్డుకట్టలు వేసింది, వాలు మీద గుంటలు తవ్వి మొక్కలు నాటింది. ఊరి పశువులు ఆ మొక్కలను తిన్నాయి. మేత ఆపమని చెప్పడం సులభం. ఆపితే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞుల దగ్గర సమాధానం లేదు. 1976లో, పెరిగిపోతున్న ఒక పెద్ద కోతను ఆపడానికి దానికి అడ్డంగా మట్టికట్ట ఒకటి వేశారు. ఉద్దేశం మన్నును ఆపడమే. కాని మన్నుతో పాటు వాననీరు కూడా అక్కడ నిలిచింది. ఊరిలో ఎవరూ ఎరుగని వింత అది: వానలు వెనకపట్టిన నెలల తరువాత కూడా ఊరికి ఎగువన నీళ్లు! చేను వాడుముఖం పట్టినప్పుడు రైతుల చూపులు ఆ నీటి మీద పడ్డాయి. నీరు పొలాలకు చేరింది, గోధుమ దక్కింది. సరస్సు కోసం కట్టిన కట్ట ఊరికి పనికివచ్చింది. అక్కడ కథ మలుపు తిరిగింది.

ఇక్కడితో ఆపి చెబితే ఇది వట్టి ఇంజనీరింగ్ విజయగాథ అవుతుంది. అసలు చిక్కు నీళ్లు వచ్చాకనే మొదలయింది. నీరు పారేది కట్ట కింద పొలం ఉన్నవాడికి. కొండ మీద మేత మానవలసినది ఊరందరూ. పొలం దూరాన ఉన్నవాడు, అసలు సెంటు భూమి లేనివాడు తన మేకను ఎందుకు కట్టివేసుకోవాలి? పొరుగువాడి గోధుమ పండడానికా? వారు మేపడం మానలేదు. మానమని అడిగే నైతికాధికారం కూడా ఎవరికీ లేకపోయింది.

అప్పుడు సుఖోమాజ్రి చేసిన ఏర్పాటు దేశంలో అంతకుముందు అరుదుగా విన్నది. కట్టలో నిలిచిన నీటి మీద ఊరిలో ప్రతి కుటుంబానికీ సమానమైన హక్కు. ఎకరాలను బట్టి కాదు, గడపను బట్టి. భూమి లేనివాడికి కూడా అందరితో పాటు ఒక వాటా. ఆ వాటాను అతడు భూమి ఉన్నవాడికి ఇచ్చి ప్రతిఫలం తీసుకోవచ్చు. మరొకరి పొలం పాలుకు తీసుకుని తన నీటితో పండించుకోవచ్చు. పొలాలకు నీరు అందేందుకు భూమిలో గొట్టాలు వేశారు. వాటాలు చేతులు మారే పద్ధతి కొంతకాలానికి చిక్కులమారిగా తోచి, గంటల లెక్కన రుసుము తీసుకుని నీరిచ్చి, వచ్చిన సొమ్మును ఊరి సంఘంలో జమకట్టే పద్ధతికి మారారు. పద్ధతి మారినా మూలసూత్రం మారలేదు: నీరు ఊరందరిది.

మన చెరువుల కింద నీరటికాడు అనేవాడు ఉండేవాడు. తూము తెరిచి, ఎవరి మడికి ఎంత పారించాలో చూసి, పంట వచ్చాక కళ్లంలో తన మేర తీసుకునేవాడు. భూమి లేనివాడికి నీటి నుంచి జీవనం కలిగించిన ఏర్పాటే అది కూడా. కాని నీరటిది సేవకు ప్రతిఫలం. సుఖోమాజ్రి భూమిలేని మనిషిది హక్కు. ఈ రెంటి మధ్య తేడా చిన్నది కాదు.

హక్కు రావడంతో మేక కొండ దిగింది. ఎవరూ కాపలా పెట్టలేదు, ముళ్లకంచె వేయలేదు. కొండ మీది గడ్డి పోతే కట్ట పూడుతుంది, కట్ట పూడితే నీరు తగ్గుతుంది, నీరు తగ్గితే తన వాటా తగ్గుతుంది. ఈ లెక్క అక్షరం రానివాడికి కూడా వచ్చింది. ఒకరి పశువు కొండెక్కితే పదిమంది అడిగేవారు. దీనికి పరిశోధకులు సామాజిక కంచె అని పేరు పెట్టారు. తరువాత అభివృద్ధి శాస్త్రగ్రంథాలలో ఆ పేరు స్థిరపడిపోయింది. 1900 నాటి చట్టం చేయలేని పనిని, కట్టలోని నీళ్లలో ఒక వాటా చేసింది.

కొండ మేలుకోవడం ఊరివారు అనుకున్నదానికన్నా వేగంగా జరిగింది. వేళ్లు మిగిలి ఉన్న గడ్డి లేచింది. అందులో భాబర్ అనే గడ్డి ఉన్నది. లేతగా ఉన్నప్పుడు పశువుకు మేత, ముదిరాక తాళ్లు పేనడానికీ కాగితం మిల్లుకూ పనికివస్తుంది. పూర్వం అటవీశాఖ ఈ గడ్డిని కాంట్రాక్టర్లకు వేలం వేసేది. ఊరివారు తమ గుమ్మం ముందరి కొండ మీద గడ్డి కోసుకోవడానికి కాంట్రాక్టరుకు సొమ్ము చెల్లించేవారు. 1980 దశకంలో ఆ గుత్తను ఊరి సంఘమే తీసుకున్నది. అంతకుముందు శాఖకు వస్తున్న ఆదాయానికి లోటు రాకుండా కట్టి, మిగిలినది సంఘం నిధిలో వేసుకున్నది. మేకల సంఖ్య తగ్గి గేదెల సంఖ్య పెరిగింది. మేక తిరిగి తింటుంది, గేదె ఇంటి వద్ద కట్టిన చోట తింటుంది. కోసుకొచ్చిన గడ్డి ఉంటేనే దాని పోషణ సాధ్యం. పాలు పట్నానికి పోసాగాయి. గోధుమ, మొక్కజొన్న దిగుబడులు రెట్టింపుకు మించాయి. ఆ వైపు నుంచి సుఖ్నాలోకి వచ్చే పూడిక తొంభై శాతానికి పైగా తగ్గిందని అధ్యయనాలు చెప్పాయి. నాడా, బుంగా వంటి ఇరుగుపొరుగు ఊళ్లు కూడా అదే దారి పట్టాయి. చివరకు సంఘం ఆదాయం మీద ఆదాయపు పన్ను కట్టమని తాఖీదు వచ్చింది. ప్రకృతిని పునరుద్ధరించి సంపాదించినందుకు పన్ను పడిన మొదటి ఊరుగా సుఖోమాజ్రి ప్రసిద్ధికెక్కింది. ఇందులో గౌరవమెంతో హాస్యమెంతో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఈ వృత్తాంతమంతా విన్నప్పుడు తెలుగునాట ఒక శిలాశాసనం గుర్తుకు రాక మానదు. కడప సీమలోని పోరుమామిళ్లలో, మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఒక పెద్ద చెరువు కట్టించి, 1369లో దాని చెంత సంస్కృతంలో శాసనం వేయించాడు. వేయిమంది కూలీలు, రాళ్లు తోలే నూరు బండ్లు, రెండేళ్ల శ్రమ అని అందులో వివరమున్నది. అంతకన్నా విలువైనది అందులోని పట్టిక: మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు, ఉండరాని దోషాలు ఆరు. అంగాలలో ధర్మబుద్ధి గల ప్రభువు మొదలు జలశాస్త్రం తెలిసిన పండితుని దాకా, గట్టిమన్ను గల నేల మొదలు పని తెలిసిన కూలీల దాకా అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. మన్ను ఒక శాఖకు, నీరు మరొక శాఖకు, మనిషి ఇంకొక శాఖకు పంచడం ఆ శాసనకర్తకు తెలియదు. ఇక దోషాలలో కట్ట నీరు కారడం, నేల చవుడు కావడం వంటివి ఎవరైనా ఊహించగలరు. ఊహించలేనిది మరొకటి ఉన్నది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం కూడా దోషమేనట!

ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ వాక్యాన్ని సుఖ్నా పక్కన పెట్టి చూస్తే కొంచెం ఒళ్లు జలదరిస్తుంది. సరస్సు కేంద్రపాలిత ప్రాంతమైన చండీగఢ్‌ది. దానికి నీరూ మన్నూ పంపే వాలులు కొంత పంజాబులో, కొంత హర్యానాలో ఉన్నాయి. 1958లో అంతా పంజాబే. 1966లో హర్యానా వేరుపడినప్పుడు వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ చేరుతున్నదో చూసి గీత గీసినవారు లేరు. కొండ ఒకరిది, వాగు మరొకరిది, కట్ట ఇంకొకరిది అయింది. నేల మీద గీసిన గీత నీటికి కనబడదు గాని ఫైలుకు కనబడుతుంది.

సుఖోమాజ్రి వైభవం కూడా చిరకాలం నిలువలేదు. ఈ మాట దాచి విజయగాథను విజయగాథగానే ముగించే వ్యాసాలు చాలా ఉన్నాయి. అది ఊరికి చేసే మేలు కాదు. 1990 దశకం చివరినాటికే సంఘం బలహీనపడిందన్న వార్తలు రాసాగాయి. గడ్డి ఆదాయంలో శాఖకెంత, సంఘానికెంత అన్న నిబంధనలు మారుతూ వచ్చాయి; ఊరికి మిగిలేది తగ్గింది. కొండ మీద పెరిగిన చండ్ర చెట్ల విలువ అపారం, వాటి నుంచే కాచు వస్తుంది. కాని కాపాడిన ఊరికి అందులో ఎంత హక్కన్న ప్రశ్న తేలలేదు. పంచుకున్న కాలంలో కంచెగా నిలిచిన ఏర్పాటు, పంపకం సన్నగిలేసరికి సడలింది. ఆ మొదటి కట్టలలోకి కూడా, ఎంత తగ్గినా, ప్రతి ఏడూ కొంత మన్ను చేరుతూనే వచ్చింది. పూడిక తీయాలంటే నిధి ఉండాలి, పదిమంది కూడాలి. చదువుకున్న పిల్లలు పట్నంలో ఉద్యోగాలు వెతుక్కున్నారు. వారి మనుగడకు కట్టలో నీటితో పని తగ్గింది. తమ వాటా దేనిలో ఉన్నదని తోచితే మనుషులు దానినే కాపాడుకుంటారు. అది వారి తప్పు అనడానికి వీలులేదు.

మిశ్రా సుఖోమాజ్రితో ఆగలేదు. ఆనాటి బీహారులో, నేటి జార్ఖండులో ఉన్న పలామూ ప్రాంతానికి వెళ్లి, చక్రీయ వికాస ప్రణాళి అనే పేరుతో భూమి గలవాడికీ, శ్రమ చేసేవాడికీ, ఊరి నిధికీ ఫలసాయంలో వంతులు ఏర్పరచే పద్ధతిని ప్రయత్నించాడు. ఒక మట్టి శాస్త్రజ్ఞుడు జీవితమంతా మట్టితో పనిచేసి, చివరకు పంపకాల లెక్కలలో మునిగాడంటే అతడు దారి తప్పాడనుకునేవారు ఉండవచ్చు. మట్టి అతనికి నేర్పినది అదే అనుకోవడం సమంజసం.

సుఖ్నా విషయంలో మరొక తిరకాసు కూడా ఉన్నది. అడవిలో అడ్డుకట్టలు పెరిగాయి, చెట్లు పెరిగాయి, మన్ను రావడం తగ్గింది. కాని 2010 ప్రాంతాల నుంచి కొన్ని వేసవులలో సరస్సు అడుగు బయటపడి నెర్రెలు విచ్చింది. మన్నును ఆపిన కట్టలే నీటిని కూడా ఆపుతున్నాయని కొందరు నిపుణులు వాదించారు. అడవికి నీరు అవసరమా, సరస్సుకా? కొండలో ఇంకిన నీరు వృథా అయిందనడం న్యాయం కాదు. అడుగు ఎండిన సరస్సును చూసి సంతోషించమనడమూ న్యాయం కాదు. 1988లో నగరవాసులు పారా తట్ట పట్టుకుని శ్రమదానంగా పూడిక తీశారు. పూడిక తీస్తే చోటు వస్తుంది. ఆ చోటు నింపే నీరు కొండ మీద నుంచే రావాలి. తెలుగు రైతు వేసవిలో చెరువు మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకుపోతాడు. పోయిన మన్నును వెనక్కు తెచ్చుకునే పాత పద్ధతి అది. సుఖ్నా కొండలలో పోయిన మన్నును అలా మోసుకుపోయి వాలు మీద పరచడానికి ఏ బండీ లేదు.

కొండవాలు మీద ఇప్పుడు మేక కన్నా ఆకలిగొన్నది ఇంకొకటి వచ్చింది. నగరం పెరిగి పెరిగి సరస్సు ఎగువకు పాకింది. పంజాబు వైపున కన్సాల్, హర్యానా వైపున సకేత్రి, చండీగఢ్ వైపున కైంబ్‌వాలా ఊళ్ల పరిసరాలలో పరీవాహక ప్రాంతం మీద ఇళ్లు లేచాయి. ఈ వివాదం పంజాబ్, హర్యానా హైకోర్టుకు చేరింది. 2020 మార్చిలో ఆ న్యాయస్థానం అపూర్వమైన తీర్పు చెప్పింది: సుఖ్నా సరస్సు ప్రాణం గల వ్యక్తి వంటిదే, వ్యక్తికున్న హక్కులూ బాధ్యతలూ దానికీ ఉన్నాయి. దానిని అంతరించిపోకుండా కాపాడవలసిన సంరక్షకులుగా, తల్లిదండ్రుల స్థానంలో, చండీగఢ్ పౌరులందరినీ నియమించింది.

తీర్పు ఉదాత్తమైనది. సరస్సు ఒడ్డున నడిచేవారందరినీ తల్లిదండ్రులను చేసింది. ఆ సరస్సుకు మన్నును పంపగలిగిన, ఆపగలిగిన వాలులలో కొంత భాగం చండీగఢ్ ఎల్లలకు అవతల ఉన్నది. సుఖోమాజ్రి కూడా అవతలే ఉన్నది.